ఇంటిని మ్యాటర్‌కు మార్చిన ఏడు వారాలు

నవంబర్ 29, శనివారం

పొద్దున మెయిల్ చూసి అలాగే కూర్చుండిపోయాను. మా స్విచ్ బోర్డుల వెనక ఉన్న ఆరు వైఫై రిలేల (ఫోన్ నుంచి దీపం వేసి ఆర్పే చిన్న పెట్టెలు) కంపెనీ ఈ ఏడాది ఆఖరుతో సర్వర్లు ఆపేస్తోందట. గోడ మీద మీట నొక్కితే దీపం వెలుగుతుంది, అంతవరకు ఫరవాలేదు. యాప్ నుంచి గానీ, ఇంట్లోని స్మార్ట్ వస్తువులన్నిటినీ నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి గానీ ఆ ఆరింటికీ ఇక కబురు చేరదు. వస్తువు పాడవలేదు. డబ్బిచ్చి కొన్నాం, మా గోడలోనే ఉంది. ఊరూ పేరూ తెలియని ఒక కంప్యూటర్‌ను ఆపేస్తే మాత్రం మూగబోతుంది. ఆరేళ్ల కిందట కొనేటప్పుడు నాకు ఈ ఆలోచనే రాలేదు.

వేర్వేరు కంపెనీల స్మార్ట్ వస్తువులు ఒకే భాష మాట్లాడుకునేలా చేసే మ్యాటర్ అనే ప్రమాణం గురించి రెండేళ్లుగా చదువుతూనే ఉన్నాను, వచ్చే సెలవుల్లో చేద్దాంలే అనుకుంటూ వచ్చాను. ఇక కుదరదు. సంక్రాంతికి భీమవరం వెళ్తాం, హైదరాబాదులో ఈ ఫ్లాటుకు వారం రోజులు తాళం. పోయిన సంక్రాంతికి మేం ఊళ్లో ఉండగా బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు పైపు కారింది. నేల మీదున్న నీటి సెన్సర్ ఫోన్‌కు కబురు పంపింది. ఎదురింటివాళ్లు మేమిచ్చిన తాళంచెవితో లోపలికెళ్లి వాల్వు కట్టేశారు. లేకపోతే కింది ఫ్లాటు సీలింగు మొత్తం నానిపోయేది. అందుకే గడువు జనవరి 11 అని పెట్టుకున్నాను. ఆ రోజుకు ఇల్లు మళ్లీ నమ్మకంగా ఉండాలి.

ఒక నియమం కూడా రాసుకున్నాను. ఈ పని సాగినన్నాళ్లూ అత్తయ్య చేతికి ఏ మీటా పనిచేయకుండా ఉండకూడదు. పగలు విప్పిన బోర్డు దీపాల వేళకి మూసేయాలి.

నవంబర్ 30, ఆదివారం

ముందు లెక్క. పాత నోటుబుక్కు పట్టుకుని గది గదికీ తిరిగాను. స్విచ్ బోర్డుల వెనక వైఫై రిలేలు పదకొండు: మూగబోయే ఆరు, కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసి నేను టాస్మోటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్న ఐదు. జిగ్‌బీ అనే తక్కువ కరెంటు రేడియో మీద నడిచే వస్తువులు పందొమ్మిది: బల్బులు ఐదు, ప్లగ్గులు నాలుగు, తలుపు సెన్సర్లు నాలుగు, కదలిక సెన్సర్లు మూడు, ఉష్ణోగ్రతవి రెండు, నీటి లీకుది ఒకటి. ఐఆర్ బ్లాస్టర్ (రిమోట్‌లా సంకేతాలు పంపే పెట్టె) మాట వినే ఫ్యాన్లు నాలుగు, ఏసీలు రెండు. గీజర్లు రెండు. మొత్తం 38. వీటన్నిటినీ నడిపేది టీవీ వెనక రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతంత కంప్యూటర్ మీద, డాకర్‌లో (ప్రోగ్రాములను విడివిడి కంటైనర్లలో నడిపే ఏర్పాటు) ఉన్న హోమ్ అసిస్టెంట్.

అన్నీ మార్చేద్దామని ఉబలాటపడ్డాను గానీ, లెక్క చూశాక ఆగాను. జిగ్‌బీ, మ్యాటర్ వాడుకునే థ్రెడ్ అనే కొత్త రేడియో వల, రెండూ 802.15.4 అనే ఒకే రేడియో ప్రమాణం మీద నడుస్తాయి. అంత మాత్రాన జిగ్‌బీ బల్బు థ్రెడ్ బల్బు అయిపోదు. తయారుచేసినవాళ్లు కొత్త ఫర్మ్‌వేర్ (వస్తువు లోపలి సాఫ్ట్‌వేర్) ఇవ్వాలి, నా బల్బులకు అది రాలేదు. బాగా పనిచేస్తున్న ఐదు బల్బులను ప్రమాణం పేరు చెప్పి చెత్తలో వేయడం నాకు ఇష్టం లేదు. జిగ్‌బీ బల్బులు, ప్లగ్గులు ఉన్నచోటే ఉంటాయి. వాటి రాజ్యం ఏ కంపెనీ సర్వర్ మీదా ఆధారపడలేదు కూడా.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. 2019 డిసెంబరులో అమెజాన్, యాపిల్, గూగుల్, జిగ్‌బీ అలయన్స్ కలిసి మొదలుపెట్టిన పని ఇది. 2021లో దానికి మ్యాటర్ అని పేరు పెట్టారు, అలయన్స్ కూడా తన పేరును కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయన్స్‌గా మార్చుకుంది. మొదటి ప్రమాణం 2022 అక్టోబరులో విడుదలైంది. మ్యాటర్ అంటే వస్తువులు ఏం మాట్లాడుకోవాలన్న ఒప్పందం. ఆ మాట ఇంట్లోని వైఫై మీద వెళ్లొచ్చు, ఈథర్‌నెట్ మీద వెళ్లొచ్చు, తక్కువ కరెంటుతో నడిచే థ్రెడ్ మీద వెళ్లొచ్చు. ఏ దారిన వెళ్లినా ఐపీవీ6 చిరునామాలతోనే వెళ్తుంది. మీట నుంచి దీపానికి వెళ్లే మాట ఇల్లు దాటక్కర్లేదు. నన్ను పట్టేసింది ఈ చివరి మాటే.

ఇంకొకటి, ఒకే వస్తువును కనీసం ఐదు వ్యవస్థలకు ఒకేసారి అప్పగించవచ్చు. హోమ్ అసిస్టెంట్‌లోనూ ఉంటుంది, హాల్లో ఉన్న స్మార్ట్ డిస్‌ప్లేలోనూ ఉంటుంది. ఒకటి చచ్చినా రెండోది పలుకుతుంది.

డిసెంబర్ 6, శనివారం

కొత్త రిలేలు ఆరు వచ్చాయి, వైఫై మీద నడిచే మ్యాటర్ రకం. గోడలో పెట్టేముందు ఒకటి బల్ల మీద, హోల్డరూ బల్బూ కట్టి చూశాను. డబ్బా మీది క్యూఆర్ కోడ్ ఫోన్‌కు చూపించగానే బ్లూటూత్ మీద పలకరించింది, వైఫై పాస్‌వర్డ్ తీసుకుంది. అక్కడే ఆగిపోయింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే చోట.

తప్పు నాదే. స్మార్ట్ వస్తువులన్నిటినీ రెండేళ్లుగా గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంచుతున్నాను, ల్యాప్‌టాప్‌ల జోలికి రాకుండా. పాత వస్తువులు కంపెనీ సర్వర్ చుట్టూ తిరిగొచ్చేవి కాబట్టి గెస్ట్‌లో ఉన్నా ఇబ్బంది లేదు. మ్యాటర్ అలా తిరగదు. వస్తువు తాను ఉన్నానని ఇంటి నెట్‌వర్క్‌లో చాటింపు వేస్తుంది, హోమ్ అసిస్టెంట్ ఆ చాటింపు విని వెతుక్కుంటుంది. గెస్ట్ గోడ దాటి ఆ చాటింపు అవతలికి రాదు. రెండు నెట్‌వర్కుల మధ్య చాటింపును మోసే ఏర్పాట్లు ఉన్నాయి గానీ, మా ఇంటి రౌటర్‌లో అవి లేవు. గెస్ట్ తీసేసి అన్నిటినీ ఒకే నెట్‌వర్క్‌లోకి తెచ్చాను. భద్రత కోణంలో కొంత వదులుకున్నట్టే. బదులుగా, ఈ రిలేలు బయటి ఇంటర్నెట్‌కు వెళ్లకుండా రౌటర్‌లో ఆపేశాను. ఫర్మ్‌వేర్ కొత్తది ఎక్కించాల్సిన రోజు మాత్రం తెరుస్తాను.

నాలుగోసారి ముప్పై సెకన్లలో చేరింది.

సాయంత్రం చానెళ్ల పని. మా అపార్ట్‌మెంటులో ఫోన్‌తో వెతికితే ఇరవైకి పైగా వైఫైలు కనిపిస్తాయి. మా రౌటర్ ఆటోలో ఉండి తోచిన చానెల్‌కు దూకుతోంది. నా జిగ్‌బీ మొదటినుంచీ 11వ చానెల్‌లో ఉంది. జిగ్‌బీ 11 వేరు, వైఫై 11 వేరు. జిగ్‌బీ 11 అంటే 2405 మెగాహెర్ట్జ్, వైఫై 11 నడిమధ్య 2462. జిగ్‌బీ 11ను ముంచేది వైఫై 1. రౌటర్ 1కి దూకిన రోజుల్లో పెరటి తలుపు సెన్సర్ మొరాయించడం ఇన్నాళ్లూ నాకు అర్థం కాని విషయం. వైఫైని 11 మీద స్థిరం చేశాను. థ్రెడ్ రేపు 15వ చానెల్‌లో ఉంటే, అంటే 2425 దగ్గర, మా ఇంట్లో మూడూ ఒకదాన్నొకటి తొక్కుకోవు.

డిసెంబర్ 13, శనివారం

ఎలక్ట్రీషియన్ పొద్దున తొమ్మిదికే వచ్చాడు. 230 వోల్టుల పని నేను సొంతంగా చేయను. మెయిన్ దగ్గర ఎంసీబీ దించి, టెస్టర్‌తో రెండుసార్లు చూశాకే బోర్డు విప్పాడు.

మన ఇళ్లలో ఒక అదృష్టం ఉంది. ఇలాంటి రిలేకు ఫేజుతో పాటు న్యూట్రల్ కావాలి. ఉత్త మీటలే ఉండే బోర్డులో న్యూట్రల్ దొరకదు. మనవాళ్లు మీటల పక్కనే 5 ఆంపియర్ల సాకెట్టు కూడా పెడతారు కాబట్టి చాలా బోర్డుల్లోకి న్యూట్రల్ ముందే వచ్చి ఉంటుంది. ఆరు బోర్డుల్లో ఐదు గంటన్నరలో అయిపోయాయి. పాత రిలే తీయడం, కొత్తది అదే సందులో కూర్చోబెట్టడం, గోడ మీట తీగలను దానికున్న వేరే టెర్మినళ్లకు బిగించడం. ఆ టెర్మినళ్లకు కరెంటు తగలకూడదని కాగితంలో రాసి ఉంది, అది అతనికి రెండుసార్లు చదివి వినిపించాను.

ఆరోది మా పడకగది. "మేడం, గీ బోర్డుల న్యూట్రల్ లేదు" అన్నాడు. మంచం పక్క చిన్న బోర్డు, తలుపు దగ్గర మీటతో కలిసి టూ-వేగా పనిచేసేది. పాత రిలే న్యూట్రల్ లేకుండా నడిచే రకం. దానివల్లే ఆర్పేసిన ఎల్‌ఈడీ బల్బు రాత్రుళ్లు మిణుకుమిణుకుమంటూ ఉండేదని ఇవాళ తెలిసింది. రిలే తన బతుక్కి కావాల్సిన కొద్దిపాటి కరెంటును బల్బు గుండానే లాక్కుంటుంది, ఆ కాస్తకే ఎల్‌ఈడీ కన్ను తెరుస్తుంది. కొత్త రిలేను తలుపు దగ్గర బోర్డుకు మార్చి, పైపులో ఒక తీగ అదనంగా లాగి రెండు మీటలనూ దానికి కలిపాడు. ఆ ఒక్కదానికే రెండు గంటలు పట్టింది. ఇవాళ రాత్రి గది పూర్తిగా చీకటిగా ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. గోడలోకి పోయేముందు ప్రతి రిలే మీది క్యూఆర్ కోడ్‌నూ, దాని కింద ఉండే పదకొండు అంకెల కోడ్‌నూ ఫోటో తీయండి, పుస్తకంలో చేత్తో కూడా రాయండి. రిలే మొదటికి రీసెట్ అయితే మళ్లీ ఆ కోడే కావాలి. కోడ్ గోడ లోపల ఉంటే బోర్డు మళ్లీ విప్పాల్సిందే. నేను పుస్తకంలో గది పేరు, వస్తువు, కోడ్, పెట్టిన తేదీ రాశాను. ఆ పుస్తకం బీరువాలో, ఇంటి కాగితాల పక్కన పెట్టాను.

గీజర్ల గురించి రెండే మాటలు. 3 కిలోవాట్ల గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది, ఈ రిలేలు 10 ఆంపియర్లవి. వాటి జోలికి పోలేదు, పాత 16 ఆంపియర్ల ఏర్పాటే ఉంది.

డిసెంబర్ 14, ఆదివారం

పొద్దంతా పేర్లు మార్చడంతోనే సరిపోయింది. మా ఇంట్లో దీపాలు, సెన్సర్ల మీద నలభైకి పైగా ఆటోమేషన్లు ఉన్నాయి. కొత్త రిలే కొత్త పేరుతో వస్తే అవన్నీ తెగిపోతాయి. తేలిక దారి ఒకటి దొరికింది: హోమ్ అసిస్టెంట్‌లో పాత వస్తువు గుర్తింపు పేరు చివర 'పాత' అని తగిలించి, ఖాళీ అయిన అసలు పేరును కొత్త వస్తువుకు ఇవ్వాలి. ఆటోమేషన్లకు తేడా తెలియదు. ఆరింటికీ అలాగే చేశాను. సంధ్యవేళ బాల్కనీ దీపం తన వేళకు వెలిగింది.

అత్తయ్య అడిగారు, "ఏమిటమ్మాయ్ మారింది? నాకేం తేడా కనిపించట్లేదే!" ఈ వారంలో నాకు అందిన మంచి మాట ఇదే.

డిసెంబర్ 20, శనివారం

ఇక థ్రెడ్. అసలు కష్టం ఇక్కడే ఉంటుందని తెలుసు.

థ్రెడ్ వస్తువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. ఆ వలను ఇంటి నెట్‌వర్క్‌కు కలిపేది బోర్డర్ రౌటర్. జిగ్‌బీ కోఆర్డినేటర్‌కూ దీనికీ పెద్ద తేడా ఉంది. జిగ్‌బీలో కోఆర్డినేటర్ ఒక్కటే పెద్ద, అది పోతే ఇల్లంతా పోయినట్టే. బోర్డర్ రౌటర్‌కు వస్తువులతో చుట్టరికం లేదు. అది ప్యాకెట్లను అటూ ఇటూ దాటిస్తుంది, లోపల ఏముందో చదవలేదు. అందుకే ఒకే వలకు రెండు మూడు బోర్డర్ రౌటర్లు పెట్టుకోవచ్చు. నాకు కావాల్సింది సరిగ్గా ఇదే.

మా హాల్లోని స్మార్ట్ డిస్‌ప్లేలో బోర్డర్ రౌటర్ ముందే ఉంది. కొత్తగా కొన్న థ్రెడ్ తలుపు సెన్సర్‌ను ముందు దాని యాప్‌లో చేర్చాను, ఇట్టే చేరింది. తలుపు తీస్తే 'తెరిచి ఉంది' అంటోంది. దాన్నే హోమ్ అసిస్టెంట్‌కు పంచుకోవడానికి కొత్త కోడ్ తీసి ఇస్తే, చాలాసేపు తిరిగి తిరిగి విఫలమైంది. సెన్సర్ ఉంది, యాప్‌లో పలుకుతోంది, హోమ్ అసిస్టెంట్‌కు మాత్రం కనిపించట్లేదు. రాత్రి పన్నెండున్నర దాకా కూర్చున్నా తెమలలేదు.

డిసెంబర్ 21, ఆదివారం

దొరికింది. రాసి పెడుతున్నాను, ఇంకొకరికి ఒక రాత్రి మిగులుతుంది.

థ్రెడ్ వలలోని చిరునామాలు ఇంటి నెట్‌వర్క్ చిరునామాలకు వేరు. 'ఆ చిరునామాలకు వెళ్లాలంటే నా గుండా రండి' అని బోర్డర్ రౌటర్ ఇంట్లో ప్రకటిస్తూ ఉంటుంది. ఫోన్లు ఆ ప్రకటన వింటాయి. నా రాస్ప్‌బెర్రీ పై మీద ఉన్న మామూలు లినక్స్ వినట్లేదు. రౌటర్ ప్రకటనల్లో వచ్చే దారి సమాచారంలో ఎంత పొడవు ప్రిఫిక్స్ (చిరునామా మొదటి భాగం) దాకా ఒప్పుకోవాలి అనే ఒక కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) అమరిక ఉంది, నా దాంట్లో అది సున్నా. అంటే ఏ దారినీ ఒప్పుకోవద్దని. దాన్ని 64 చేశాను. డాకర్ ఉన్న యంత్రంలో ఫార్వర్డింగ్, అంటే ఇతరుల ప్యాకెట్లను దాటించే పని, ఆన్‌లో ఉంటుంది. అలాంటప్పుడు ప్రకటనలు స్వీకరించే అమరిక కూడా 1 ఉంటే చాలదు, 2 ఉండాలి. అదీ మార్చాను. మ్యాటర్ సర్వర్ కంటైనర్ డాకర్ సొంత నెట్‌వర్క్‌లో కాకుండా యంత్రం నెట్‌వర్క్‌లోనే నడవాలన్నది మూడో షరతు, అది ముందే సరిగా ఉంది.

రీస్టార్ట్ చేసి మళ్లీ కోడ్ ఇచ్చాను. పది సెకన్లలో తలుపు సెన్సర్ కనిపించింది. పక్కగదిలోంచి మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది, అంత గట్టిగా అరిచానన్నమాట. హోమ్ అసిస్టెంట్ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లకు ఈ బాధ ఉండదు, ఈ అమరికలు అందులో ముందే చేసి ఉంటాయి. ఇవాళ మొదలుపెట్టేవాళ్లు అదే తీసుకోవడం మేలు.

మధ్యాహ్నం రెండో బోర్డర్ రౌటర్. ఒక కొత్త యూఎస్‌బీ రేడియోకు థ్రెడ్ ఫర్మ్‌వేర్ ఎక్కించి, రాస్ప్‌బెర్రీ పైకి మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ వైరుతో తగిలించాను. యూఎస్‌బీ 3 పోర్టు పక్కనే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పెడితే పోర్టు చేసే రొదలో రేడియోకు ఏమీ వినపడదు, వైరు అందుకు. నా దగ్గరున్న జిగ్‌బీ రేడియోనే రెండు పనులకూ వాడొచ్చా అని కొంతకాలం కిందట ఆలోచించాను. రెండింటినీ ఒకే చిప్ మీద నడిపే ఫర్మ్‌వేర్ ఉంది గానీ, దాన్ని హోమ్ అసిస్టెంట్ వాళ్లే ఇప్పుడు వద్దంటున్నారు. రెండు పనులు, రెండు రేడియోలు.

పెట్టగానే రేడియో తన సొంత వల ఒకటి మొదలుపెట్టింది. డిస్‌ప్లే వల ఒకటి, దీని వల ఒకటి, ఒకే ఇంట్లో రెండు వేరు కాపురాలు. ఇలా ఉంటే ఒకటి పోయినప్పుడు రెండోది ఆదుకోదు. రెండూ ఒకే వల కావాలంటే రెండింటికీ ఒకే నెట్‌వర్క్ తాళం ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని హోమ్ అసిస్టెంట్ యాప్‌లో థ్రెడ్ తాళాలను తెచ్చుకునే వీలుంది. డిస్‌ప్లే వల తాళాన్ని దాని ద్వారా రప్పించి, రేడియోను పాత వలలోంచి తీసి ఇందులో చేర్చాను. చానెల్ చూస్తే 15. సంతోషంతో కళ్లు చెమ్మగిల్లాయి.

2024 సెప్టెంబరులో వచ్చిన థ్రెడ్ 1.4లో ఈ తాళాలు పంచుకునే పద్ధతిని అందరికీ ఒకటే చేశారు. ఇంట్లో ఉన్న పెట్టెలన్నిటికీ అది చేరేదాకా ఇలా చేత్తో చేసుకోవాల్సిందే.

డిసెంబర్ 25, గురువారం

సెలవు. మిగతా తలుపు సెన్సర్లు మూడు, కొత్త నీటి సెన్సర్ ఒకటి. హాలు, వంటిల్లు వెంటనే చేరాయి. చివరి బాత్రూం దగ్గర అందట్లేదు. నడుమ రెండు ఇటుక గోడలు, ఒక ఇనప బీరువా.

ఇక్కడ నేను ముందే గ్రహించాల్సింది ఒకటి ఉంది. జిగ్‌బీకి నాలుగు ప్లగ్గులు, ఐదు బల్బులు నడుమ నిలబడి మాట అందిస్తున్నాయి. థ్రెడ్‌కు అలా అందించేవాళ్లు నా ఇంట్లో ఒక్కరూ లేరు. బ్యాటరీ సెన్సర్లు నిద్రపోతాయి, మాట అందించవు. కొత్తగా పెట్టిన ఆరు రిలేలు మ్యాటరే గానీ వైఫై రకం, థ్రెడ్ వలలో వాటికి పాత్ర లేదు. డబ్బా మీద మ్యాటర్ గుర్తు ఒకటే ఉంటుంది. లోపల వైఫైనా థ్రెడ్డా అన్నది వెనక చిన్న అక్షరాల్లో చూసుకోవాలి. కరెంటుకు తగిలించే థ్రెడ్ వస్తువులు ఇంటి నిండా రెండు మూడైనా ఉండాలి.

మన పిన్నుల సైజులో థ్రెడ్ ప్లగ్గు నాకు దొరకలేదు. థ్రెడ్ బల్బు పెడదామంటే, అత్తయ్య గదిలోంచి బయటికి రాగానే మీట ఆర్పేస్తారు. అది మంచి అలవాటు, దాన్ని మార్చమని నేను అడగను. మీట ఆర్పితే బల్బు పోతుంది, దానితో పాటు వల తెగుతుంది.

అందుకని ఈఎస్‌పీ32-హెచ్2 అనే చిప్ ఉన్న చిన్న బోర్డులు రెండు తీసుకున్నాను. వైఫై ఉండదు, బ్లూటూత్, 802.15.4 రేడియోలు ఉంటాయి, వేలెడంత ఉంటుంది. చిప్ తయారీదారే ఇచ్చే ఓపెన్‌థ్రెడ్ (థ్రెడ్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) ఉదాహరణ ప్రోగ్రామును ఎక్కించి, మా వల తాళం ఇచ్చి, కరెంటు పోయి వచ్చినా తనంతట తానే మొదలయ్యేలా అమర్చాను. వాటికి మ్యాటర్ రాదు, అక్కర్లేదు కూడా. వాటి పని మాట అందించడమే. ఒకటి బీరువా వెనక సాకెట్టులో, ఒకటి వాష్ ఏరియాలో, పాత ఫోన్ ఛార్జర్లకు తగిలించాను. పావుగంటలో రెండూ వలలో రౌటర్లుగా కనిపించాయి. బాత్రూం సెన్సర్ మొదటి ప్రయత్నంలోనే చేరింది.

ఈ మొత్తం పనిలో నా చేతుల మీదుగా పుట్టిందని చెప్పుకోగలిగినవి ఆ రెండు చిన్న బోర్డులే. వాటి మీద నాకు మమకారం ఏర్పడింది.

డిసెంబర్ 28, ఆదివారం

టాస్మోటా రిలేలు ఐదు. లోపల ఉన్నది ఈఎస్‌పీ8266 అనే పాత చిప్, దాని మెమరీ మ్యాటర్‌కు చాలదు. అయితే టాస్మోటా ఎక్కించిన ఈఎస్‌పీ32 ఒకటి ఉంటే అది మ్యాటర్ వంతెనగా నిలబడి, పాత ఐదింటినీ తన వెనక చూపిస్తుంది. ఒక్క బోర్డు, ఒక్క క్యూఆర్ కోడ్, ఐదు దీపాలు. ఏ గోడా విప్పలేదు. మొత్తం నలభై నిమిషాలు.

హోమ్ అసిస్టెంట్‌కు ఆ ఐదూ ముందే తెలుసు కదా, వంతెన ఎందుకని మా ఆయన అడిగారు. ఆ రాస్ప్‌బెర్రీ పై చచ్చిన రోజున డిస్‌ప్లేలోంచైనా దీపాలు పలకాలని.

ఫ్యాన్లు, ఏసీలు ఐఆర్ దగ్గరే ఆగాయి. 2023 అక్టోబరు నాటి మ్యాటర్ 1.2 వెర్షన్‌తో అవి మ్యాటర్ వస్తువుల జాబితాలోకి వచ్చాయి గానీ, మా ఇంట్లో ఉన్నవి అంతకంటే పాతవి. అవి పాడైనప్పుడు చూద్దాం.

జనవరి 1, గురువారం

ఆ కంపెనీ యాప్ తెరిచాను. కనెక్ట్ కాలేకపోయాం అని వచ్చింది. ఫోన్‌లోంచి తీసేశాను. తీసిన పాత రిలేలు ఆరూ ఒక డబ్బాలో ఉన్నాయి. టాస్మోటా ఎక్కుతుందేమో వేసవిలో చూస్తాను.

జనవరి 4, ఆదివారం

పరీక్షలు. ఇంట్లో అందరికీ ముందే చెప్పి మొదలుపెట్టాను.

ముందు ఫైబర్ తీగ పీకాను. ఇంటర్నెట్ లేదు, ఇంటి వైఫై ఉంది. దీపాలన్నీ పలికాయి, తలుపు సెన్సర్లు పలికాయి. ఫోన్‌కు బయటి నుంచి కబురు మాత్రం రాదు. ఊళ్లో ఉన్నప్పుడు నాకు కావాల్సింది ఆ కబురే కాబట్టి పాత డాంగిల్ ఒకటి సిమ్ వేసి రాస్ప్‌బెర్రీ పైకి రెండో దారిగా పెట్టాను.

తర్వాత డిస్‌ప్లే ప్లగ్గు తీశాను. ఒక తలుపు సెన్సర్ నిమిషంలోపు యూఎస్‌బీ రేడియో గుండా పలికింది. ఇంకొకటి ఆరు నిమిషాలు పట్టింది. మళ్లీ డిస్‌ప్లే పెట్టి రేడియో తీస్తే కూడా అంతే. ఏ ఒక్క పెట్టె మీదా ఇల్లు ఆగిపోలేదు.

మెయిన్ దించాను. ఇన్వర్టర్ మీద రాస్ప్‌బెర్రీ పై, రౌటర్ ఉన్నాయి. ఈఎస్‌పీ బోర్డుల్లో వాష్ ఏరియాది ఇన్వర్టర్ లైన్లో లేదు, చచ్చింది. బాత్రూం నీటి సెన్సర్ దానితో పాటే పోయింది. పోయిన ఏడాది పైపు కారింది అక్కడే! ఆ బోర్డును ఇన్వర్టర్ లైన్ ఉన్న సాకెట్టుకు, వంటింటి గోడ అవతలికి మార్చి, మళ్లీ మెయిన్ దించాను. ఈసారి నిలిచింది.

చివరగా బ్యాకప్. మ్యాటర్ సర్వర్ తన తాళాలన్నిటినీ ఒక ఫోల్డర్‌లో దాచుకుంటుంది. ఎస్‌డీ కార్డు పాడై అది పోతే ప్రతి వస్తువునూ రీసెట్ చేసి మొదటినుంచి చేర్చుకోవాలి. ఆ ఫోల్డర్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి, ఒకటి మా ఆయన ల్యాప్‌టాప్‌లోకి.

జనవరి 11, ఆదివారం

బాత్రూంలో నేల మీద రెండు నీటి సెన్సర్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి పాత జిగ్‌బీది, పోయిన ఏడాది మమ్మల్ని కాపాడింది. ఒకటి కొత్త థ్రెడ్‌ది. నీటి లీకు సెన్సర్ అన్న రకమే మ్యాటర్‌లోకి 2024 మేలో, 1.3తో వచ్చింది. ఈ ఒక్క చోట పాతది తీయదలచుకోలేదు. రెండు దారులు ఉండటమే నాకు నిద్ర పట్టిస్తుంది.

చెంచాతో కాసిని నీళ్లు పోశాను. కొత్తది రెండు సెకన్లలో, పాతది ఆ వెంటనే. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "మరి వాల్వు ఎవరు కట్టేస్తారమ్మాయ్? ఎదురింటివాళ్లు కూడా పండక్కి ఊరెళ్తున్నారుగా."

నిజమే. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఆ లైను వాల్వు కట్టేసే బయల్దేరుతున్నాం.

స్విచ్ బోర్డుల మెయిన్ డబ్బా తలుపు లోపల ఒక కాగితం అంటించాను, పెద్ద అక్షరాల్లో. ఏ ఎంసీబీ ఏ గదిది, రాస్ప్‌బెర్రీ పై ఎక్కడుంది, దీపం యాప్‌లో పలక్కపోతే గోడ మీట నొక్కాలి, ఎవరికి ఫోన్ చేయాలి, కోడ్‌ల పుస్తకం ఎక్కడుంది.

జనవరి 18, ఆదివారం

రాత్రి పదింటికి చేరాం. మెట్లెక్కి తాళం తీయగానే హాల్లో దీపం వెలిగింది.

వారం రోజుల చరిత్ర చూశాను. కరెంటు రెండుసార్లు పోయింది, ఒకసారి మూడు గంటలకు పైగా. బాల్కనీ దీపం రోజూ సంధ్యవేళ వెలిగి పదకొండింటికి ఆరింది. పెరటి తలుపు సెన్సర్ ఒక రాత్రి పదమూడు నిమిషాలు మాయమై తిరిగొచ్చింది. నీటి సెన్సర్లు రెండూ పొడిగా ఉన్నామని చెబుతూనే ఉన్నాయి.

కరెంటుతో తిరిగే వాల్వు కూడా ఆ 1.3 జాబితాలో ఉంది. ట్యాంకు నుంచి బాత్రూంలోకి వచ్చే పైపు అరంగుళంది. రేపు ప్లంబర్‌ను పిలిచి, గోడ లోపలికి వెళ్లేముందు ఆ పైపు మీద వాల్వుకు చోటు ఉందో లేదో చూపిస్తాను.